నాగార్జునసాగర్ లాంచి విహారం

నాగార్జునసాగర్ లాంచి విహారం అనగా నల్గొండ జిల్లా దక్షిణపు అంచున, కృష్ణానదిపై కట్టిన నాగార్జునసాగర్ జలాశయంలో జరిగే పర్యాటక నౌకాయానము. తిరుమలగిరి (సాగర్), పెద్దవూర మండలాల ప్రజలకు ఇది ఇంటి ముంగిటి విహారం. ఇందులో ముఖ్యంగా మూడు రకాలున్నవి. ఆనకట్ట సమీపంలో అరగంట, ముప్పావుగంట తిప్పి తీసుకొని వచ్చే చిన్న విహారం మొదటిది. దీనిని స్థానికులు జాలీ ట్రిప్పు అని పిలుస్తారు. జలాశయం మధ్యలోని నాగార్జునకొండ ద్వీపానికి వెళ్ళివచ్చే ప్రయాణం రెండవది. నల్లమల కొండల నడుమ శ్రీశైలం వరకు సాగే పగటి ప్రయాణం మూడవది. ఈ మూడింటిలోను లాంచి తేలుతున్నది ఒకప్పుడు జనం నివసించిన లోయ మీద. ఆ సంగతి తెలిసి ఎక్కినవారికి ఈ ప్రయాణం వేరుగా కనిపిస్తుంది.

(గమనిక: తిరుమలగిరి అనే పేరుతో సూర్యాపేట జిల్లాలో మరొక మండల కేంద్రం, సికింద్రాబాదులో ఒక ప్రాంతం కూడా ఉన్నవి. ఈ వ్యాసంలో చెప్పినది 2016 జిల్లాల పునర్విభజనలో మండలమైన నల్గొండ జిల్లా తిరుమలగిరి. తికమక లేకుండా దానికి "సాగర్" అని చేర్చి వ్రాస్తారు.)

జలాశయం

ఈ ప్రాజెక్టు నిర్మించిన చోటును పూర్వం నందికొండ అనేవారు. ఇప్పటి పురపాలక సంఘం పేరు కూడా నందికొండయే. 1955 డిసెంబరు 10న అప్పటి ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీటిని విడుదల చేసింది. ఆనకట్టలో రాతికట్టడం పొడవు 1,450 మీటర్లు, ఎత్తు 124 మీటర్లు, గేట్లు 26. జలాశయపు పూర్తి నీటిమట్టం 590 అడుగులు. లాంచి ఎక్కదలచినవారు ఈ చివరి అంకెను గుర్తుంచుకొనుట మంచిది, ఎందుకనగా ఇక్కడి విహారమంతా నీటిమట్టం మీదనే ఆధారపడి ఉంటుంది.

నది ఇక్కడ రెండు రాష్ట్రాలకు సరిహద్దు. ఎడమ గట్టు తెలంగాణలోని నల్గొండ జిల్లా, కుడి గట్టు ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా (2022కు పూర్వం గుంటూరు జిల్లా). 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత రెండు ప్రభుత్వాల పర్యాటక సంస్థలు ఎవరి గట్టు నుండి వారు లాంచీలు నడుపుతున్నవి. ఎడమ గట్టున హిల్ కాలనీ, పైలాన్ కాలనీ వైపు తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ లాంచి స్టేషను, కుడి గట్టున విజయపురి సౌత్ లో ఆంధ్రప్రదేశ్ సంస్థ లాంచి స్టేషను కలవు. ఆనకట్ట విషయంలో రెండు రాష్ట్రాల మధ్య వివాదం 2023 నవంబరు చివరలో సగం గేట్లను, అనగా పదమూడింటిని, ఆంధ్రప్రదేశ్ పోలీసులు స్వాధీనం చేసుకొనే వరకు వెళ్ళి, కేంద్ర బలగాలు రావలసి వచ్చింది. నీటి మీద గీత గీయుట కష్టం గనుక లాంచి మాత్రం సరిహద్దును అటూ ఇటూ దాటుతూనే పోతుంది.

కాలువలలో పడవలు ఎందుకు లేవు?

కోనసీమలో పడవ విహారం చూసి వచ్చినవారు, సాగర్ ఎడమ కాలువ ఇంత పెద్దది కదా, ఇందులో పడవలు ఎందుకు నడపరాదు అని అడుగుతుంటారు. కారణం భూమి వాలులో ఉన్నది. ఆర్థర్ కాటన్ కాలంలో ధవళేశ్వరం (1852), బెజవాడ (1855) ఆనకట్టల నుండి త్రవ్విన డెల్టా కాలువలు సాగునీటికే గాక సరకుల రవాణాకు కూడా ఉద్దేశించినవి. డెల్టా భూమి దాదాపు సమతలం. కొద్దిపాటి ఎత్తుపల్లాలు వచ్చినచోట లాకులు కట్టి, ఒక తలుపు మూసి మరొక తలుపు తెరచి, పడవను మెట్టు మెట్టుగా ఎక్కించేవారు, దించేవారు. రైళ్ళు, లారీలు వచ్చిన తరువాత ఆ రవాణా అంతరించింది. అక్కడి దిండిలో వసిష్ఠ గోదావరి పాయ మీద నేడు కనిపించే ఇంటిపడవలు సరకుల కొరకు కాదు, సెలవుల కొరకు.

నల్గొండ మెట్టభూమి అట్లా కాదు. లాల్ బహదూర్ కాలువ అని పేరు పెట్టిన సాగర్ ఎడమ కాలువ కొండలను, గుట్టలను ఒరుసుకొంటూ ఖమ్మం వైపు పోతుంది. ఇది కేవలం సాగునీటి కాలువ. ప్రవాహం వేగంగా ఉంటుంది, లైనింగు చేసిన గట్లు ఏటవాలుగా, జారుడుగా ఉంటవి. పడవకు కాదు గదా, ఈతకు కూడా ఇది తగిన చోటు కాదు. కాలువలో కాలు జారినవాడు గట్టు పట్టుకొని పైకి రాలేడు. ఈ హెచ్చరికను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

మరొక తికమక కూడా ఉన్నది. కోనసీమ దిండి వేరు, నల్గొండ జిల్లా దిండి వేరు. మన దిండి కృష్ణకు ఉపనది. దాని మీద అదే పేరుతో ఒక జలాశయం ఉన్నది. ఆ నది ఏలేశ్వరం దగ్గర కృష్ణలో, అనగా ఇప్పటి సాగర్ జలాశయంలో కలుస్తుంది.

మునిగిన లోయ

లాంచి నడిచే నీటి క్రింద ఉన్నది విజయపురి. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజులు ఇక్కడినుండి పాలించారు. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు వీరిలో శాసనాల వలన తెలియవచ్చినవారు. రాజులు వైదిక యజ్ఞాలు చేయగా, రాజకుటుంబపు స్త్రీలు బౌద్ధ సంఘానికి విరివిగా దానాలు చేశారు. మహాచైత్య నిర్మాణానికి ముఖ్య దాత శాంతమూలుని సోదరి శాంతిసిరి. సాగర్‌లో తిరిగిన లాంచీలలో ఒకదానికి శాంతిసిరి అని ఆమె పేరే పెట్టారు. ఎక్కినవారిలో ఆ పేరు ఎవరిదో తెలిసినవారు తక్కువ.

1926లో శాసన పరిశోధకుడు ఏ.రంగస్వామి సరస్వతి ఈ శిథిలాలను గుర్తించాడు. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, తరువాత 1938-40లో టి.ఎన్.రామచంద్రన్ త్రవ్వకాలు జరిపారు. ఆనకట్ట కట్టుట ఖాయమైన తరువాత 1954 నుండి 1960 వరకు ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో భారత పురాతత్త్వ సర్వేక్షణ లోయనంతటినీ త్రవ్వింది. నీరు రాకముందే పని ముగించవలసిన త్రవ్వకాలు ఇవి. పాత రాతియుగపు పనిముట్లు మొదలుకొని విజయనగర కాలపు కోట వరకు ఆధారాలు లభించినవి. తొమ్మిది కట్టడాలను రాయి రాయిగా విప్పి, కొండ మీదికి చేర్చి, తిరిగి నిలిపారు. ఆ కొండయే నేటి ద్వీపం. కొన్నింటిని కుడి గట్టున అనుపు వద్ద పునర్నిర్మించారు. మెట్ల వరుసలతో ఉన్న రంగస్థలం వాటిలో పేరుపొందినది.

ఎడమ గట్టున, అనగా నల్గొండ వైపున, ఏలేశ్వరం కూడా మునిగినది. అక్కడ రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ త్రవ్వకాలు జరిపాడు. నాగార్జునకొండకు వచ్చిన ప్రచారం ఏలేశ్వరానికి రాలేదు. ఇది మన జిల్లావారు పట్టించుకొనవలసిన విషయం. ఏలేశ్వరం గట్టు మీద ఉన్న శివాలయం మాత్రం నీటికి పైన మిగిలినది. మహాశివరాత్రికి భక్తులు లాంచీల మీద అక్కడికి వెళతారు. విహారం కొరకు గాక మొక్కు కొరకు లాంచి ఎక్కే రోజు అది.

శాసనాలు వ్రాయించిన రాజుల పేర్లు మ్యూజియంలో ఉన్నవి. మునిగిన 50కి పైగా గ్రామాల పేర్లు ఏ లాంచి స్టేషనులోను వ్రాసి లేవు. ఆ ఊళ్ళ వారు గట్టుకు పైన కొత్త కాలనీలలో స్థిరపడ్డారు. నీరు తమ పొలాల మీదుగా పోయినా, ఎత్తున ఉన్న మెట్ట పొలాలకు కాలువ ఎక్కలేదు. తిరుమలగిరి (సాగర్) మండలంలోని నెల్లికల్లులో ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగినది 2021 ఫిబ్రవరి 10న, కాలువలకు నీరు వదిలిన 53 ఏళ్ళకు.

నాగార్జునకొండ ప్రయాణం

లాంచి స్టేషను నుండి ద్వీపానికి సుమారు గంట ప్రయాణం. బయలుదేరిన కొద్దిసేపటికి ఆనకట్ట వెనుకబడుతుంది, ఆ తరువాత చుట్టూ నీరు, అంచున కొండలు తప్ప మరేమీ కనిపించదు. చేపలు పట్టేవారి పుట్టులు అక్కడక్కడ ఎదురవుతవి. వెదురుతో అల్లి, అడుగున నీరు చొరకుండా పూత పూసిన ఈ గుండ్రని తెప్పలను కృష్ణ ఒడ్డున అరిగోలు అని కూడా అంటారు. వంతెనలు రాకముందు పాలమూరు, నల్గొండ జిల్లాలలో నది దాటించినవి ఇవే.

ద్వీపం మీద 1966లో ప్రారంభమైన మ్యూజియం ఉన్నది. పల్నాటి సున్నపురాతిపై చెక్కిన జాతక కథలు, బుద్ధుని జీవిత ఘట్టాలు ఇక్కడ ప్రధానం. వెలుపల మహాచైత్యం, సింహళ విహారం, స్నానఘట్టం, అశ్వమేధ స్థలంలోని తాబేటి ఆకారపు కుండం చూడవచ్చును. స్తూపాల పునాదులు బండి చక్రం వలె ఆకులతో ఉండుట గమనింపదగినది. మట్టి నింపిన పెద్ద స్తూపం విచ్చిపోకుండా పట్టి ఉంచుటకు ఈ ఏర్పాటు. లాంచి వారు ఇచ్చే సమయం చాలా తక్కువ. కనీసం రెండు గంటలు లేనిదే తృప్తిగా చూడలేము. కావున ఉదయం మొదటి లాంచికి వెళ్ళి, మధ్యాహ్నపు లాంచికి తిరిగి రావచ్చునేమో టిక్కెట్టు కొనేటప్పుడే అడిగి తెలుసుకొనవలెను. శుక్రవారం మ్యూజియానికి సెలవు.

ఆచార్య నాగార్జునుడు ఇక్కడే నివసించాడని స్థలపురాణం. త్రవ్వకాలలో దీనికి ప్రత్యక్ష ఆధారం లభించలేదు. విద్యార్థులను తీసుకొనివచ్చే ఉపాధ్యాయులు ఈ రెండింటినీ వేరుచేసి చెప్పుట మంచిది. అట్లే లాంచి ఎక్కకముందే లోయ పటాన్ని తరగతిలో చూపిస్తే, పిల్లలకు ద్వీపం ఒకప్పటి కొండ శిఖరమని సులభంగా అర్థమవుతుంది. లేనిచో రాజులు దీవిలో నగరం కట్టారనుకొని తిరిగి వస్తారు.

శ్రీశైలం ప్రయాణం

సాగర్ నుండి శ్రీశైలం ఆనకట్ట దిగువన ఉన్న లింగాలగట్టు వరకు నదీమార్గం సుమారు 110 కిలోమీటర్లు. ఆరు, ఏడు గంటలు పడుతుంది. కుడి గట్టున నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, ఎడమ గట్టున అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉన్నవి. పులి కనిపించుట అరుదు, కొంగలు, నీటికాకులు మాత్రం తప్పక కనిపిస్తవి. లోయ ఇరుకైన కొద్దీ కొండలు నిటారుగా లేస్తవి, నీటి రంగు ముదురుతుంది. ఈ దారిలో అన్నిటికన్న బాగుండే భాగం ఇదే.

సాగర్‌లో నీటిమట్టం 575 అడుగులకు తగ్గకుండా ఉంటేనే ఈ లాంచి నడుస్తుంది. అందువలన వానలు బాగా కురిసిన సంవత్సరాలలో, వరద తగ్గిన తరువాత మాత్రమే ఇది సాధ్యం. 2024 నవంబరులో తెలంగాణ పర్యాటక సంస్థ దీనిని తిరిగి ప్రారంభించినపుడు ఒకవైపు ప్రయాణానికి పెద్దలకు 2,000 రూపాయలు, పిల్లలకు 1,600 రూపాయలుగా రుసుము నిర్ణయించింది. పాత మహబూబ్‌నగర్ జిల్లావారికి సోమశిల నుండి శ్రీశైలం జలాశయం మీదుగా మరొక మార్గం ఉన్నది. సోమశిలకు ఎదురుగా కర్నూలు వైపున ఉన్న సంగమేశ్వరాలయం వానాకాలంలో మునిగి, వేసవిలో బయటపడుతుంది.

దేవరకొండ వైపు నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ కూడా ఇటీవల విహారస్థలమైనది. ఆనకట్ట నిర్మాణకాలంలో విశాఖపట్నం వైపు నుండి వచ్చిన మత్స్యకారులు స్థిరపడిన ఊరు ఇది. వేయించిన చేపలకు ప్రసిద్ధి.

భద్రత

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణా గోదావరుల పవిత్ర సంగమంలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద విహార పడవ మునిగి సుమారు 50 మంది ప్రాణాలు కోల్పోయారు. రెండవ ప్రమాదం నాటికి నదిలో వరద ఉధృతంగా ఉన్నది. దాని తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పర్యాటక పడవలను కొంతకాలం నిలిపివేసి, 2020లో కంట్రోల్ రూములు ఏర్పాటు చేసి, తనిఖీలను కట్టుదిట్టం చేసింది.

సాగర్ నిలకడ నీరు గదా అని ఏమరుపాటు తగదు. వేసవి మధ్యాహ్నాలలో గాలి లేచి అలలు పెద్దవవుతవి. గేట్లు ఎత్తిన రోజులలో ఆనకట్ట దగ్గర ప్రవాహం బలంగా ఉంటుంది, లాంచీలు ఆపివేస్తారు. ఆ రోజులలో ప్రైవేటు పడవవాడు తీసుకొని పోతానన్నా ఎక్కరాదు. లైఫ్ జాకెట్టు సీటు క్రింద ఉంటే చాలదు, తొడుగుకొని బొందెలు బిగించుకొనవలెను. ఈత వచ్చినవారికి కూడా ఇది తప్పనిసరి. నిర్ణీత సంఖ్యకు మించి జనాన్ని ఎక్కించుకొన్న పడవ ఎంత తక్కువ ధరకు వచ్చినా దిగిపోవలెను. సెల్ఫీ కొరకు అందరూ ఒకే ప్రక్కకు చేరుట పడవ ఒరుగుటకు కారణం కాగలదు.

రవాణా, వసతి

నాగార్జునసాగర్ హైదరాబాదు నుండి సుమారు 150 కిలోమీటర్లు. హైదరాబాదు, నల్గొండ, దేవరకొండ, మిర్యాలగూడ, హాలియాల నుండి బస్సులు కలవు. కుడి గట్టుకు దగ్గరి రైల్వే స్టేషను మాచర్ల. ఎత్తిపోతల జలపాతం, హిల్ కాలనీలో 274 ఎకరాలలో నిర్మించి 2022 మే 14న ప్రారంభించిన బుద్ధవనం అదే రోజు చూడదగినవి. సెప్టెంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు అనుకూల సమయం. బయలుదేరే ముందు రోజు లాంచి స్టేషనుకు ఫోను చేసి, నీటిమట్టం, గేట్ల స్థితి, మొదటి లాంచి వేళ తెలుసుకొనవలెను. తగినంతమంది ప్రయాణికులు చేరనిదే లాంచి కదలదు గనుక, పనిదినాలలో వెళ్ళేవారు కొంత వేచి ఉండుటకు సిద్ధపడవలెను.