రెండేళ్ల కాలేజీ, ట్రాన్సిస్టరు

“అమెరికా కమ్యూనిటీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ టెక్నాలజీ అంటే చిన్న చదువా సార్?” అని మన పిల్లలు అడుగుతుంటారు. చరిత్ర చూద్దాం.

1901లో ఇల్లినాయ్ రాష్ట్రం జోలియట్‌లో, హైస్కూలులోనే, ఆరుగురు విద్యార్థులతో ఇటువంటి కాలేజీ ఒకటి మొదలైంది. 1944 చట్టం వల్ల యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు చదువు ఖర్చు ప్రభుత్వమే ఇచ్చింది. 1947 డిసెంబరులో ట్రూమన్ నియమించిన సంఘం, ఇంటికి దగ్గరలో చదువుకొనేందుకు కమ్యూనిటీ కాలేజీలు దేశమంతటా పెట్టమన్నది. తమాషా చూడండి, అదే నెలలో బెల్ లేబరేటరీలో బార్డీన్, బ్రాటెయిన్‌లు ట్రాన్సిస్టరును పనిచేయించి చూపారు! రానురాను వాల్వుల కాలం పోయింది. కొత్త యంత్రాలను పరీక్షించి బాగుచేసేవాళ్లు కావలసి వచ్చారు. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఆ పనికి దారి అయింది. కాబట్టి చిన్న చదువేం కాదు.

అయితే ఒక్క మాట. టెక్నాలజీ కోర్సు వేరు, ఇంజినీరింగ్ వేరు. ఈ రెండేళ్ల సబ్జెక్టులన్నీ నాలుగేళ్ల ఇంజినీరింగ్ డిగ్రీలో కలుపుకోకపోవచ్చు. ఏవి ఒప్పుకుంటారో చేరకముందే యూనివర్సిటీని అడగాలి, కాల్కులస్ ఉందో లేదో చూసుకోవాలి. నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు అడగలేదు. ఏడాది ఫీజు, ఏడాది కాలం రెండూ పోయాయి.