గాలి లేకుండా కోదాడ దాకా

తెల్లవారుజామున 4:40కి విజయవాడలో ముహూర్తం. తాళిబొట్టు పెట్టె మా అక్క ఒళ్లో ఉంది. రాత్రి 12 గంటలకు మా కారు ఇంకా కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గరే ఉంది.

పెళ్లికొడుకు మా బావకు సొంత తమ్ముడు. చుట్టాలంతా ముందే బస్సులో వెళ్లిపోయారు. బావకు ఆఫీసు పని తెమిలి మేం హైదరాబాద్‌లో బయల్దేరేసరికి పది దాటింది. స్టీరింగ్ ముందు బావ, పక్కన నేను, వెనక అక్క, వాళ్ల అత్తగారు. డిక్కీ నిండా పళ్ల బుట్టలు, స్టీలు సామాను, బట్టల పెట్టెలు. ఇంత సామాను పట్టిందే అని బయల్దేరేటప్పుడు మురిసిపోయాం. పట్టడానికి కారణం ఒకటే. ఆ కారులో స్టెప్నీ లేదు.

ఆ రాత్రి ఎవరు ఏమన్నారో, బండి ఎక్కడ ఎంత వేగంతో పోయిందో తర్వాత నలుగురం కూర్చుని గుర్తు చేసుకున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాను.

టోల్‌గేటు దాటి కొద్ది దూరం పోగానే డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. గుర్రపు నాడా లాంటి బొమ్మ, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం. కింద టైర్ల గాలి పీడనం అంకెలు. మూడు టైర్లకు 33, వెనక ఎడమ టైరుకు 21.

బావ బండిని రోడ్డు వారకు తీశాడు. నేను దిగి ఫోన్ లైటు వేసి చూశాను. టైరు నిండుగా, మిగతా మూడింటిలాగే ఉంది. కాలితో తన్ని చూశాను. రాయిలా ఉంది.

"బాగానే ఉంది బావా. సెన్సారే తప్పు చూపిస్తున్నట్టుంది" అన్నాను.

ఆ మాట అన్నది నేను. ఆ తప్పులో సగం నాది.

"ఒకవేళ పంచరైనా ఇవి రన్‌ఫ్లాట్ టైర్లురా. గాలి లేకపోయినా పోతాయి. అమ్మినాయన చెప్పాడుగా" అన్నాడు బావ. పాత బండి కొన్నప్పుడు ఆయన విన్నది అంతవరకే. మిగతా సగం ఎవరూ చెప్పలేదు.

ఆ మిగతా సగం ఇది. మామూలు టైరు బండి బరువును గాలితో మోస్తుంది. గాలి పోతే దాని పక్కగోడలు మడతపడి రిమ్ము నేలకు తగులుతుంది. రన్‌ఫ్లాట్ టైరు పక్కగోడల లోపల వేడికి ఓర్చే రబ్బరు దట్టంగా వేస్తారు. గాలి పోయినా ఆ గోడలే నిలబడి బరువు మోస్తాయి. అందుకే కంటికి ఏమీ తెలియదు, కాలితో తన్నినా తెలియదు. ఈ టైర్లున్న బండికి గాలి పీడనం చూపించే ఏర్పాటు తప్పనిసరిగా ఉండేది అందుకే. ఆ పసుపు దీపాన్ని నమ్మకపోతే ఇక నమ్మడానికి వేరే ఆధారం లేదు.

గాలి పూర్తిగా పోయాక కూడా గంటకు 80 కిలోమీటర్లకు మించకుండా సుమారు 80 కిలోమీటర్లు పోవచ్చని ఈ టైర్లకు సాధారణంగా చెప్పే లెక్క. బరువు ఎక్కువైనా, వేగం పెరిగినా, వేడి ఎక్కువైనా ఆ దూరం తరుగుతుంది. మాకు మూడూ ఉన్నాయి. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, అర్ధరాత్రయినా సెగ తగ్గని మే నెల రోడ్డు, 110 మీద బండి.

సూర్యాపేట వచ్చింది. హోటళ్ల ముందు బస్సులు ఆగి ఉన్నాయి. రోడ్డు పక్కన ఒక పంచర్ షాపు ముందు నిలువుగా పాతిన పాత టైరు, దాని మీద తెల్ల రంగుతో అక్షరాలు, లోపల ట్యూబ్‌లైటు. అప్పటికి అంకె 14. అక్కడ ఆగి ఉంటే పది నిమిషాల పని. ఆ షాపును నేను చూశాను, బావ కూడా చూశాడు. ఇద్దరం గడియారం వైపు చూశాం. బండి ఆగలేదు.

చివ్వెంల దాటాక 9. కాసేపటికి అంకె పోయి రెండు గీతలు మిగిలాయి. ముకుందాపురం దగ్గర వెనక సీటు కింద సన్నటి అదురు మొదలైంది.

"ఏదో కాలుతున్న వాసన వస్తోంది నాయనా" అంది అత్తయ్య.

అప్పుడు గానీ బావ కాలు తీయలేదు. అక్కడి నుంచి 50 మీద, రెండు ఇండికేటర్లూ వేసుకుని, ఎవరం మాట్లాడకుండా కోదాడ చేరాం. ఒంటిగంట దాటింది.

షాపతనికి యాభై ఏళ్లుంటాయి. మంచం మీద నుంచి లేచి వచ్చి, బండి చుట్టూ తిరిగి, వెనక టైరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పక్కగోడ మీద అరచెయ్యి ఆనించి వెంటనే తీసేశాడు. తర్వాత వాల్వు మూత విప్పి, లోపలి పిన్నును గోటితో నొక్కాడు.

చప్పుడు లేదు. బుస్సుమనలేదు. నిండుగా కనిపిస్తున్న ఆ టైరులో ఊదడానికి కూడా గాలి లేదు. బండి మొత్తం ఆ వేడెక్కిన రబ్బరు మీదే నిలబడి ఉంది.

"గాలి లేకుండ ఎంత దూరం నడిపిర్రు సార్?"

బావ నసిగాడు. "ఎంతో లేదన్నా... ఇప్పుడే, ఇరవై కిలోమీటర్లు."

అతను మా ఇద్దరి మొహాల్లోకీ చూశాడు. టైరు నడుమ గాడిలో ఇరుక్కున్న ఇనప స్క్రూను వేలితో చూపించాడు. తల అరిగి మెరుస్తోంది.

"స్ట్రిప్ వేసి గాలి కొట్టన్నా, పొద్దున చూసుకుంటాం. పెళ్లికి పోవాలి" అన్నాను నేను.

"వేస్తే గాలి నిలుస్తది సార్. టైరు నిలుస్తదో లేదో నేను చెప్పలేను. లోపల చూడాలె. దీన్ని విప్పే మిషన్ నా దగ్గర లేదు." వెనక సీట్లో అక్క ఒళ్లోని పెట్టె వైపు చూసి, "ఆడోళ్లున్నరు. నేను వెయ్య" అన్నాడు.

ఆ వేళప్పుడు చేతికొచ్చే డబ్బు వద్దనుకున్న మనిషి. స్ట్రిప్ వేసి పంపించి ఉంటే మేం మళ్లీ వంద మీద పోయేవాళ్లమే. అతనే ఫోన్ చేసి ఊళ్లో తెలిసిన డ్రైవర్‌ను నిద్రలేపాడు. మా బండిని షాపు పక్కన పెట్టించుకున్నాడు. ఆ డ్రైవర్ బండిలో మేం మండపం మెట్లెక్కేసరికి మూడున్నర. తాళి ముహూర్తానికి అందింది.

మర్నాడు మధ్యాహ్నం కారును లారీ మీద విజయవాడకు తెప్పించి, మిషన్ ఉన్న టైర్ల షాపులో విప్పించాం. బిర్రు గోడలు కావడంతో ఇద్దరు కుర్రాళ్లు పట్టాల్సి వచ్చింది. రిమ్ము నుంచి ఊడి రాగానే లోపలి నుంచి నల్లటి పొడి రాలింది. రబ్బరు పొడి, రెండు గుప్పెళ్లు. పక్కగోడ లోపల చుట్టూతా వలయంలా పొరలు లేచి, ఒకచోట దారాలు బయటపడ్డాయి. బయటి వైపు మాత్రం గీత కూడా లేదు. బావ ఆ పొడిని వేళ్లతో నలుపుతూ చాలాసేపు నిలబడిపోయాడు.

స్క్రూ చేసిన చిల్లు చాలా చిన్నది. రోడ్డుకు ఆనే భాగం మధ్యలో, 6 మిల్లీమీటర్ల లోపు చిల్లయితే, గాలి పూర్తిగా పోకముందే ఆపి ఉంటే, టైరు విప్పి లోపల పరీక్షించి లోపలి నుంచే మష్రూమ్ ప్యాచ్ వేయడానికి వీలుండేది. కొన్ని కంపెనీలు దానికీ ఒప్పుకోవు. గాలి లేకుండా నడిపిన టైరును మాత్రం మార్చేయమనే ఎక్కువమంది చెబుతారు. పక్కగోడకు చిల్లు పడితే రిపేరు మాటే లేదు. మా టైరును చంపింది స్క్రూ కాదు. సూర్యాపేటలో ఆగకుండా పోయిన దూరం.

స్టెప్నీ అనే మాట బ్రిటన్‌లోని వేల్స్ నుంచి వచ్చింది. లనెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ వీధిలో 1904లో తయారైన అదనపు చక్రం పేరు అది. మన మెకానిక్కులు ఇప్పటికీ ఆ మాటే వాడుతున్నారు. ఇప్పుడు ఆ చక్రమే లేని బండ్లు మన రోడ్ల మీద పెరుగుతున్నాయి. టైర్ల పీడనం చూపించే ఏర్పాటు, రిపేరు కిట్టు ఉంటే కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది కూడా. స్టెప్నీ లేకపోవడాన్ని నేను తప్పుపట్టను. కొన్నవాళ్లకు ఆ సంగతి పూర్తిగా చెప్పకపోవడం తప్పు. పాత బండి చేతులు మారేటప్పుడు ఈ నాలుగు మాటలు తప్పకుండా చెప్పాలి.

ఈ ఆదివారం మీ కారు డిక్కీ తెరిచి చూడండి. టైరు పక్కగోడ మీద రన్‌ఫ్లాట్ అనో, ఆర్‌ఎఫ్‌టీ, ఆర్‌ఎస్‌సీ, జెడ్‌పీ, ఎస్‌ఎస్‌ఆర్ అనో ఉందేమో చదవండి. ఉంటే బండిలో చిన్న గాలి పంపు ఒకటి పెట్టుకోండి. పసుపు దీపం వెలగగానే కిలోమీటర్ల మీటరును ఫోన్‌తో ఫోటో తీయండి. వేగం తగ్గించి మొదటి షాపు దగ్గరే ఆగండి. దిగిన స్క్రూను మీరు పీకకండి. ఎంత దూరం నడిపారని షాపతను అడిగితే, ఆ ఫోటో చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.