ఏడంగుళాల దీపం నుంచి ఎల్‌ఈడీ దాకా

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు రాత్రిపూట కారు నడిపేవాళ్లకు హెడ్‌లైటు విలువ వేరే చెప్పనక్కర్లేదు. మలుపులో గొర్రెల మంద అడ్డం రావచ్చు, చీనీకాయల లారీ చీకట్లో ఆగి ఉండొచ్చు. అలాంటి దీపం ఆరిపోతే ఒకప్పుడు నిమిషాల్లో బాగయ్యేది. ఇప్పుడు చాలా కొత్త కార్లలో వేలకు వేలు పోయాలి, రోజుల తరబడి ఆగాలి. ఇంత దూరం ఎలా వచ్చాం?

తొలినాటి కార్లకు కార్బైడుతో వెలిగే ఎసిటిలిన్ దీపాలుండేవి. కరెంటు దీపాలొచ్చాక కూడా లోపలికి దుమ్మూ తేమా చేరి, వెలుగును ముందుకు తోసే మెరుపు పూత మసకబారేది. దీనికి విరుగుడుగా అమెరికాలో 1940 మోడల్ కార్లతో ‘సీల్డ్ బీమ్’ వచ్చింది. అద్దం, పూత, ఫిలమెంటు అన్నీ కలిపి మూసేసిన గాజు దీపం అది. ఫిలమెంటు తెగితే మొత్తం మార్చాల్సిందే. అయినా ఎవరికీ భారం కాలేదు. అప్పట్లో అక్కడ ఏ కంపెనీ కారుకైనా అదే గుండ్రటి దీపం, అడ్డకొలత ఏడంగుళాలు. మన అంబాసిడర్‌కూ, మహీంద్రా జీపుకూ అదే కొలత.

తర్వాత హాలోజన్ వచ్చింది. మామూలు బల్బులో వేడికి ఆవిరైన టంగ్‌స్టన్ గాజుకు అంటి నల్లబరుస్తుంది. హాలోజన్ వాయువు దాన్ని మళ్లీ ఫిలమెంటుకే చేరుస్తుంది. కార్లలో ఇది 1962లో ఐరోపాలో మొదలైంది. 1971లో ‘హెచ్4’ వచ్చింది: 12 వోల్టులు, 60/55 వాట్లు, ఒకే బల్బులో హై బీమ్, లో బీమ్. ప్రొద్దుటూరులో ఏ ఆటో ఎలక్ట్రీషియన్‌కైనా ఇది కంఠస్థం. వెనక ప్లగ్గు లాగి, రబ్బరు మూత ఊడదీసి, తీగ క్లిప్పు పక్కకు తోసి, కొత్త బల్బు పెడతాడు. గాజును మాత్రం చేత్తో ముట్టడు. వేలి జిడ్డు అంటితే అక్కడ వేడి పెరిగి బల్బు తొందరగా పోతుంది.

సీల్డ్ బీమే వాడాలన్న నిబంధనను 1983లో అమెరికా సడలించడంతో అక్కడా ఒక్కో కారుకు ఒక్కో ఆకారం దీపం మొదలైంది. గాలిని కోసుకుపోయే ముందుభాగం కావాలన్నది కంపెనీల వాదన. డూమ్ (దీపం గూడు) కొలత మారినా లోపలి బల్బులు అందరికీ దొరికే కొన్ని ప్రామాణిక రకాలే కాబట్టి పెద్దగా ఇబ్బంది రాలేదు. 2007లో లెక్సస్ కారు లో బీమ్‌కు ఎల్‌ఈడీ పెట్టింది. కరెంటు తక్కువ, మన్నిక ఎక్కువ. కానీ ఎల్‌ఈడీకి వేడి పడదు. వేడి లాగే లోహపు రెక్కలు, నడిపించే సర్క్యూట్ అన్నీ కలిపి చాలా కార్లలో డూమ్‌లోనే బిగించేశారు. చిన్న చిప్పు పోయినా మొత్తం డూమ్ కొనాలి. ఎడమది కుడికి సరిపోదు, పక్క మోడల్‌ది అసలే సరిపోదు. అన్ని రకాలూ తెచ్చి పెట్టుకోవడం చిన్న ఊరి దుకాణదారుడి వల్ల అయ్యే పని కాదు.

అంటే మూసెయ్యడం తప్పు కాదు. 1940 దీపమూ మూసేసిందే. పోయింది ఉమ్మడి కొలత. విడిభాగాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. 2022లో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. ఇవి మంచి అడుగులే, కానీ చాలవు. మార్చుకోదగ్గ ఎల్‌ఈడీలకు ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో కొలతలు ఇప్పటికే ఉన్నాయి. వాటిని మన దగ్గర తప్పనిసరి చేస్తే, కారు కొన్నవాడు తన ఊళ్లోనే, తనకు తెలిసిన మెకానిక్కు చేతనే దీపం వేయించుకోగలడు.