కొండ తవ్విన ఫర్హాద్, సంతలో అమ్ముడైన యూసుఫ్

పెర్త్ నగరానికి దక్షిణాన, ఆర్మడేల్ సిటీ పరిధిలో పియారా వాటర్స్ అనే పేట ఉంది. పేరు వినగానే హైదరాబాదు వాళ్ళకు ‘ప్యారా’ అనే మాట గుర్తొస్తుంది. నిజానికి ఈ పేరుకు ఉర్దూతో సంబంధం లేదు. అయినా శనివారం సాయంత్రం ఇక్కడ ఏదో ఒక ఇంటి వెనక పెరట్లో గజల్ వినబడడం మాత్రం వింత కాదు.

కొన్ని వారాల కిందట అలాంటి ఒక పెరట్లో మేము నలుగురం కూర్చున్నాం. పాతబస్తీ నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన ఒకరు, మేమంతా చాచా అని పిలుస్తాం, గాలిబ్ గజల్ ఎత్తుకున్నారు. ఉత్తరాన గనుల క్యాంపులో పని చేస్తూ చుట్టీ మీద దిగిన జగిత్యాల తమ్ముడొకడు పక్కన కూర్చుని వింటున్నాడు. కాసేపటికి ఉండబట్టలేక అడిగాడు.

“చాచా, పాట మంచిగుంది గానీ, నడిమిట్ల ఈ కోహ్‌కన్ ఎవలు?”

“కోహ్ అంటే కొండ బేటా. కోహ్‌కన్ అంటే కొండ తవ్వేటోడు. ఫర్హాద్ అన్నట్టు. నీ లెక్కనే.”

అందరం నవ్వాం. తమ్ముడు నవ్వలేదు. “తవ్వినందుకు ఏమిచ్చిండ్రు?” అన్నాడు.

ఆ ప్రశ్న మమ్మల్ని ఇంటికి వెళ్ళాక కూడా వదల్లేదు. ఉర్దూ పాటలు మన క్యాంపుల్లో అందరూ వింటారు. బంకు మీద పడుకుని చెవిలో పెట్టుకుని వింటారు. మాటల అర్థం సగం తెలుస్తుంది. ఫర్హాద్, మజ్నూ, మన్సూర్, ఖిజర్, యూసుఫ్, కర్బలా అనే పేర్లు వచ్చిన చోట మాత్రం తలుపు మూసుకుపోతుంది. ఆ తలుపు కొంచెం తీద్దామనే ఈ వ్యాసం.

కవి ఒక్క పేరు చెప్పి ఒక కథ మొత్తాన్ని గుర్తు చేయడాన్ని ఉర్దూలో తల్మీహ్ అంటారు. ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. “భగీరథ ప్రయత్నం చేసి వీసా సంపాదించాను” అని మనవాడు అంటే, గంగను భూమికి దించిన కథ విప్పి చెప్పాల్సిన పని లేదు. కుంభకర్ణుడి నిద్ర, శకుని పాచిక అన్నా అంతే. ఉర్దూలో భగీరథుడు ఉన్న చోట ఫర్హాద్ ఉంటాడు. ‘జూ-ఎ-షీర్ తేవడం’ అని వాళ్ళ నానుడి. అంటే పాల కాలువ తేవడం. మహా కష్టమైన పని చేయడమని భావం. ఆ పాల కాలువ తెచ్చినవాడే ఫర్హాద్.

కథ ఇరాన్‌ది. 12వ శతాబ్దంలో నిజామీ అనే పారశీక మహాకవి దీన్ని పెద్ద కావ్యంగా రాశాడు. షీరీన్ అనే రాణికి తాజా పాలంటే ఇష్టం. పశువులు మేసే చోటు దూరం. రాళ్ళు చెక్కడంలో దిట్ట అయిన ఫర్హాద్‌ను పిలిపించారు. అతను బండలు తొలిచి కాలువ కట్టాడు, పాలు కోట దగ్గరికి పారాయి. ఆ పనిలోనే షీరీన్ మీద మనసు పడ్డాడు. చక్రవర్తి ఖుస్రో పర్వేజ్‌కూ ఆమే కావాలి. ఈ ఖుస్రో కల్పన కాదు, క్రీ.శ. 590 నుంచి 628 దాకా ఇరాన్‌ను ఏలిన ససానీ రాజు. షీరీన్ కూడా చరిత్రలో ఉన్న మనిషే, అతని క్రైస్తవ భార్య. పోటీదారును వదిలించుకోవడానికి ఖుస్రో ఒక ఒప్పందం పెట్టాడు: బీసుతూన్ కొండను తొలిచి దారి వెయ్యి, షీరీన్‌ను వదులుకుంటాను.

ఎలాగూ చేయలేడని రాజు ధీమా. ఫర్హాద్ చేయసాగాడు. పని పూర్తి కావచ్చిందని తెలిసేసరికి రాజుకు గుబులు పుట్టింది. షీరీన్ చనిపోయిందని అబద్ధపు కబురు పంపించాడు. ఆ కబురు మోసుకెళ్ళింది ఒక ముసలిదని ఉర్దూ కవులు చెప్పుకుంటారు. విన్నవాడు రెండో మనిషిని అడగలేదు. అక్కడికక్కడే ప్రాణం తీసుకున్నాడు.

బీసుతూన్ కొండ ఇప్పటికీ ఇరాన్‌లో కెర్మాన్‌షా దగ్గర ఉంది. క్రీస్తుకు పూర్వం 520 ప్రాంతంలో డేరియస్ చక్రవర్తి చెక్కించిన శాసనం అక్కడే ఉంది. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. అదే కొండకు ఒక పక్క పెద్ద గోడలా నున్నగా చెక్కి సగంలో వదిలేసిన భాగం ఉంది. దాన్ని జనం ‘ఫర్హాద్ తరాష్’ అంటారు, అంటే ఫర్హాద్ చెక్కింది. ఎవరు చెక్కించారో పండితులు తేల్చుకోనీ, జనం మాత్రం రాజు పేరు పెట్టలేదు, పనివాడి పేరు పెట్టారు.

వందల ఏళ్ళు కవులందరూ ఫర్హాద్‌ను ప్రేమకు గురువని మొక్కారు. గాలిబ్ (1797–1869) మాత్రం ఒప్పుకోలేదు. ఒక షేర్‌లో అతను ఫర్హాద్ కీర్తినే కాదంటాడు. కారణం సరిగ్గా మన జగిత్యాల తమ్ముడు అడిగినదే: ఆ తవ్వకం ఎవరి కోసం? ఖుస్రో భోగం కోసం చేసిన కూలికి ప్రేమ అని పేరు పెట్టుకుంటే ఎలా? మరో షేర్‌లో అతని చావును కూడా మెచ్చుకోడు, లోకం రీతికి కట్టుబడిన మనిషి పని అని తేలిక చేస్తాడు. ఢిల్లీలో పింఛను కోసం ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన గాలిబ్‌కు దొరల మాట విలువ ఎంతో తెలిసే ఉంటుంది. గాలిబ్‌ను తెలుగులో చదవాలనుకునేవారికి దాశరథి కృష్ణమాచార్య 1961లో తెచ్చిన ‘గాలిబ్ గీతాలు’ ఉంది. నిజాం కాలంలో నిజామాబాద్ జైలులో ఉన్న మనిషి ఆయన. ఆ జిల్లా పాఠకులు మనలో చాలామందే ఉన్నారు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఫర్హాద్ లాంటి కథ మనం ఉన్న ఈ గడ్డ మీదే జరిగింది. పియారా వాటర్స్ నుంచి కారులో గంట లోపే ముండేరింగ్ చేరుకోవచ్చు. అక్కడి ఆనకట్ట నుంచి కాల్గూర్లీ బంగారు గనుల దాకా సుమారు 530 కిలోమీటర్ల నీటి గొట్టం ఉంది. 1890లలో కూల్‌గార్డీ, కాల్గూర్లీలలో బంగారం దొరికింది, నీళ్ళు దొరకలేదు. టైఫాయిడ్ వచ్చి జనం పోయారు. సముద్రం వైపున్న కొండల నుంచి ఎడారికి, ఎనిమిది ఆవిరి పంపు స్టేషన్లతో నీటిని ఎత్తి పంపుదామని ప్రభుత్వ ప్రధాన ఇంజనీరు ఓకానర్ పథకం వేశాడు. ఐర్లండ్‌లో పుట్టి, న్యూజీలాండ్‌లో పని చేసి, 1891లో ఇక్కడికి వచ్చిన మనిషి. ఆయనా వలస వచ్చినవాడే. పత్రికలు ఎగతాళి చేశాయి, అవినీతిపరుడని రాశాయి. 1902 మార్చిలో, పని ముగింపుకు వస్తుండగా, ఆయన ప్రాణం తీసుకున్నాడు. 1903 జనవరి 24న కాల్గూర్లీలో నీళ్ళు పడ్డాయి.

ఆ తర్వాత జనం ఒక కథ అల్లుకున్నారు. కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదనీ, ఆ అవమానంతోనే ఆయన చనిపోయాడనీ. అది అబద్ధం. కుళాయి తిప్పేనాటికి ఆయన పోయి పది నెలలైంది. ఇరాన్ ముసలమ్మ కబురు ఆస్ట్రేలియాలో కూడా తిరిగిందన్నమాట. ఆ గొట్టంలో ఈనాటికీ నీళ్ళు పోతున్నాయి. ఫర్హాద్ ఒక్కపూట ఆగి ఎవరినైనా అడిగి ఉంటే అనీ, ఓకానర్ ఒక్క వేసవి ఆగి ఉంటే అనీ మాకు ప్రతిసారీ అనిపిస్తుంది. క్యాంపు గదిలో రాత్రి ఫోనులో చెడ్డ కబురు విన్నవాళ్ళు పక్క మంచం వాణ్ణి లేపాలి. నిద్ర పాడు చేశావని ఎవరూ కోప్పడరు.

కొన్ని పేర్లు త్వరగా చెప్పుకుందాం. మన్సూర్ అంటే హల్లాజ్ అనే సూఫీ. తానే సత్యమని అన్నందుకు 922లో బగ్దాదులో చంపారు. పాటలో ఉరికొయ్య, ఉరితాడు వచ్చాయంటే అతని నీడ ఉన్నట్టే. ‘తూర్’ అంటే మోషేకు దేవుడి వెలుగు కనిపించిన సీనాయి కొండ. ‘మసీహా’ అంటే యేసు, ఊపిరితో ప్రాణం పోసేవాడు కాబట్టి ప్రేయసిని కూడా అలా పిలుస్తారు. ఖిజర్ అమృతం తాగి చావు లేకుండా తిరుగుతూ దారి తప్పినవాళ్ళకు దారి చూపించేవాడు. అదే అమృతం కోసం చీకట్లోకి వెళ్ళిన సికందర్, అంటే అలెగ్జాండర్, ఉత్త చేతులతో వచ్చాడు. ఇక్బాల్ 1922లో ‘ఖిజ్ర్-ఎ-రాహ్’ అనే పెద్ద కవిత చదివాడు. అందులో కవి ఖిజర్‌ను అడిగే ప్రశ్నల్లో పెట్టుబడికీ శ్రమకూ మధ్య గొడవ ఒకటి. వెయ్యేళ్ళ ముసలి ఖిజర్ చేత ఇక్బాల్ నేరుగా కూలివాడికి కబురు పంపించాడు.

కర్బలా గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. క్రీ.శ. 680లో ఫురాత్ నది ఒడ్డున ఇమాం హుస్సేన్‌కూ ఆయన వెంట ఉన్నవాళ్ళకూ నీళ్ళు అందనీయకుండా చేసి చంపారు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు అన్ని కులాలవాళ్ళూ గుండం చుట్టూ ఆడతారు, దట్టీలు కడతారు, షర్బత్ పంచుతారు. 1591లో హైదరాబాదు కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా మర్సియాలు రాసిన కవి కూడా. ఉర్దూ కవితలో ‘ఫురాత్’ అనే మాట పడితే కళ్ళ ముందు నీళ్ళుండి తాగనివ్వని దౌర్జన్యమని అర్థం. వేసవి ఎండలో సైటు మీద నీళ్ళ ట్యాంకరు కోసం చూసినవాడికి ఆ మాట ఎవరూ విడమర్చక్కర్లేదు.

మన దగ్గరి కవుల్లో మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) పేరు చెప్పకుండా ఉండలేం. మెదక్ ప్రాంతపు ఆందోల్‌లో పుట్టాడు. కాలేజీ పంతులు ఉద్యోగం వదిలి కార్మిక సంఘాలు కట్టాడు, తెలంగాణ పోరాటంలో ఉన్నాడు. ఆయన ‘చారాగర్’ కవితలో ఒక వైద్యుణ్ణి పిలిచి అతని ‘జంబీల్’ గురించి అడుగుతాడు. జంబీల్ అంటే సంచీ. అయితే హమ్జా కథలు విన్నవాళ్ళకు అది మామూలు సంచీ కాదు, అమర్ అయ్యార్ భుజాన ఉండే మాయ సంచీ. లోకమంతా అందులో పడుతుంది. ప్రేమ జబ్బుకు మందు మాత్రం అందులోనైనా ఉందా అన్నది కవి అనుమానం. ఈ కవితను 1964లో ‘చా చా చా’ సినిమాలో పాట చేశారు. ఆయన గజల్ ఇంకొకటి 1978లో ‘గమన్’ సినిమాలో వచ్చింది. పెళ్ళాన్ని ఊళ్ళో వదిలి బొంబాయిలో టాక్సీ నడుపుకునేవాడి కథ అది. క్యాంపులో ఉండేవాళ్ళు ఒకసారి చూడదగ్గ సినిమా. గట్టి గుండెతో చూడండి.

ఇక యూసుఫ్. ఆ రాత్రి చాచా చివరగా చెప్పిన కథ ఇదే. బైబిల్ చదివినవాళ్ళకు యోసేపు, ఖురాన్‌లో 12వ అధ్యాయం. తండ్రికి ముద్దుబిడ్డ అని అన్నలు కుళ్ళుకుని కనాను దేశంలో బావిలో తోశారు. అటు వచ్చిన వర్తకులు పైకి తీసి కొద్ది డబ్బులకు ఈజిప్టులో అమ్మేశారు. ఉర్దూలో ‘యూసుఫ్ సోదరులు’ అంటే వెన్నుపోటు పొడిచే సొంతవాళ్ళు. ఈ మాట దగ్గర పెరట్లో ఎవరూ మాట్లాడలేదు. వీసా అమ్మినవాడు పరాయివాడు కాదు, మేనమామ కొడుకు అని చెప్పేవాళ్ళు మన మధ్య ఎందరు లేరు! ‘మిస్ర్ బజారు’ అంటే మనిషికి వెల కట్టే సంత. అక్కడ యూసుఫ్‌ను కొంటానని ఒక ముసలమ్మ నూలు ఉండ పట్టుకుని వచ్చిందట. అది చాలదని ఆమెకు తెలుసు. కొనడానికి వచ్చినవాళ్ళ వరసలో తన పేరు ఉంటే చాలనుకుంది.

ఈ కథ మన గోల్కొండలో దక్కనీ ఉర్దూలో కావ్యమైంది. గుజరాతు నుంచి వచ్చిన అహ్మద్ అనే కవి మహమ్మద్ కులీ దర్బారులో ‘యూసుఫ్ జులేఖా’ రాశాడు. ఆస్ట్రేలియా ఎడారికి కూడా ఈ కథ వచ్చింది. 1860 నుంచి ఒంటెలు తోలడానికి అఫ్ఘానిస్తాన్, బలూచిస్తాన్, పంజాబు వైపుల నుంచి మనుషుల్ని తెచ్చారు. చాలామంది పెళ్ళాం బిడ్డల్ని అక్కడే వదిలి ఒప్పందం మీద వచ్చినవాళ్ళు. నీటి గొట్టం రాకముందు గనులకు నీళ్ళూ సరుకులూ మోసింది వాళ్ళ ఒంటెలే. పెర్త్‌లో విలియం స్ట్రీట్ మసీదుకు 1905లో పునాది వేసినవాళ్ళు కూడా ఆ తరమే. తూర్పున బ్రోకెన్ హిల్ పాత మసీదులో ఒక లావుపాటి పుస్తకం ఉంది. చాలా ఏళ్ళు దాన్ని ఖురాన్ అని చీటీ పెట్టి ఉంచారు. తీరా చూస్తే అది ‘కససుల్ అంబియా’, ప్రవక్తల కథల బెంగాలీ పద్యాల పుస్తకం. సమియా ఖాతూన్ అనే చరిత్రకారిణి 2018లో వచ్చిన తన ‘ఆస్ట్రేలియానామా’లో ఈ సంగతి వివరంగా రాసింది. ఒంటెల బిడారుల కాలంలో ఎవరో ఒకరు లాంతరు పెట్టుకుని యూసుఫ్ కథ పైకి చదివి ఉంటారు. మిగతావాళ్ళు ఇంటి దిక్కు తిరిగి విని ఉంటారు.

చాచా కథ ముగించక ముందే తమ్ముడు లేచిపోయాడు. తెల్లవారుజామునే గనికి పోయే విమానం ఉంది. మూడు రోజుల తర్వాత క్యాంపులోని తన డోంగా నుంచి ఫోన్ చేశాడు. ఇక్కడి గనుల్లో డబ్బా గదిని డోంగా అంటారు, మనవాళ్ళు మొదటిసారి విని తమనే దొంగ అన్నారని కొట్లాటకు పోతారు.

“అన్నా, యూసుఫ్ తండ్రి ఏడ్చి ఏడ్చి గుడ్డోడైండని చాచా చెప్పిండు. మళ్ళ ఏమైంది?”

యూసుఫ్ జైలు నుంచి బయటపడి ఈజిప్టులో పెద్ద అధికారి అయ్యాడనీ, కరువొచ్చి అన్నలు ధాన్యం కోసం ఆయన దగ్గరికే వచ్చారనీ, వాళ్ళ చేతికే తన చొక్కా ఇచ్చి ఇంటికి పంపాడనీ చెప్పాం. చొక్కా ఇంకా దారిలో ఉండగానే యాకూబ్ ముసలాయన, నా కొడుకు వాసన వస్తోందన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మతి పోయిందనుకున్నారు.

“చూపొచ్చిందా?”

“వచ్చింది. చొక్కా మొహం మీద వేసుకోగానే వచ్చింది.”

తమ్ముడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, నైట్ షిఫ్టు బస్సు హారన్ కొడుతోంది, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు.