సైకిల్‌కు ఇంజన్ కట్టిన రోజులు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా యంత్రాల మధ్య బతికినవాణ్ని కాబట్టి యంత్రం గురించే రాస్తాను. అయితే నేను ఫ్యాక్టరీల్లో చూసిన పెద్ద యంత్రాల సంగతి కాదు. 1983 చలికాలంలో, లక్సెట్టిపేటలో ఒక కిరాయి సైకిళ్ల దుకాణం వెనక పాత సామాన్లతో తయారైన మోటారు సైకిల్ సంగతి. ముందు దాని పూర్వీకులను పరిచయం చేయాలి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి జపాన్‌లో బస్సులు, రైళ్లు కిటకిటలాడేవి, పెట్రోలుకు కటకటగా ఉండేది. 1946లో హమామట్సు పట్టణంలో సొయిచిరో హోండా అనే మెకానిక్‌కు సైన్యం వాడి వదిలేసిన చిన్న ఇంజన్లు కనబడ్డాయి. అవి వైర్‌లెస్ సెట్లకు కరెంటునిచ్చే జనరేటర్లవి. ఆయన వాటిని మామూలు సైకిళ్లకు బిగించాడు. మొదటి బండికి పెట్రోలు ట్యాంకుగా పనికొచ్చింది ఇంట్లో ఉన్న వేడినీళ్ల సీసా. నడిపి చూసినవారిలో ఆయన భార్య కూడా ఉంది. దాదాపు 500 ఇంజన్లు అయిపోయాక, 1947లో సొంత ఇంజన్ తయారు చేసుకున్నాడు. మరుసటి ఏడాది హోండా కంపెనీ పుట్టింది. పాత సామాన్ల నుంచి ప్రపంచ ప్రసిద్ధ కంపెనీ వచ్చిందన్నమాట.

అదే కాలంలో ఇటలీలో 48 సీసీల ‘కుచోలో’ ఇంజన్ వచ్చింది. ఆ మాటకు కుక్కపిల్ల అని అర్థం. ఫ్రాన్స్‌లో 1946లో అమ్మకానికి వచ్చిన వెలోసోలెక్స్‌కు ముందు చక్రం మీదే ఇంజన్. దాని రోలర్ టైరును రాసుకుంటూ చక్రాన్ని తిప్పేది. 1949లో ఫ్రాన్స్‌కే చెందిన మోటోబెకాన్ కంపెనీ మోబిలెట్ మోపెడ్ తెచ్చింది. మోటారు, పెడల్ అనే రెండు మాటలు కలిసి మోపెడ్ అయింది.

ఆ మోబిలెట్ మన తెలుగు నేలకూ వచ్చింది. తిరుపతిలో మోపెడ్స్ ఇండియా లిమిటెడ్ అనే సంస్థ మోటోబెకాన్ లైసెన్సుతో ‘సువేగ’ మోపెడ్లు తయారు చేసింది. 1972లో పుణెలో కైనెటిక్ ఇంజనీరింగ్ వారి లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చాయి. పాలక్యాన్లు వేలాడదీసుకుని వచ్చే పాలవాళ్లను, బట్టల మూటలతో ఊరూరా తిరిగే వ్యాపారులను గుర్తు చేసుకోండి. స్కూటర్ కొనలేనివాడికి మోపెడే మోటారు బండి.

మోపెడ్లలో ఎక్కువగా ఉండేది టూ స్ట్రోక్ ఇంజన్. దానికి తలమీద వాల్వులు లేవు, కదిలే భాగాలు తక్కువ. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్ ఉండే అర గుండానే పైకి పోతుంది. అందుకే అక్కడ విడిగా ఆయిల్ నిలవ ఉంచడం కుదరదు, పెట్రోల్లోనే కలిపి పోయాలి. ఇంత సులువైన నిర్మాణం కాబట్టే పదో తరగతి పిల్లలు కూడా దాన్ని విప్పి మళ్లీ బిగించగలిగారు.

ఆ పిల్లల్లో ఒకడు నా స్నేహితుడు. కిరాయి సైకిళ్ల దుకాణం వాళ్ల నాయనదే. పాత ఇనుప సామాన్ల దుకాణంలో వాడికి 50 సీసీల మోపెడ్ ఇంజన్ దొరికింది. మ్యాగ్నెటో బాగుంది, పిస్టన్ రింగులు అరిగిపోయాయి. రింగులు మార్చి, కార్బొరేటర్ కడిగి, సైకిల్ వెనక చక్రం పైన పట్టీలతో బిగించాడు. క్రాంక్‌కు ఇనుప రోలర్ తొడిగి టైరుకు ఆనించాడు. ఇంజన్ మోగేది, కానీ బండి నాలుగు గజాలు పోయి ఆగిపోయేది.

నేను ఈ సంగతి మా లెక్కల సార్‌కు చెప్పాను. తిడతాడనుకుంటే, బోర్డు తుడిచి చాక్‌పీస్ తీసుకున్నాడు.

“ఎంత స్పీడు కావాల్రా?”

“గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు సార్.”

“ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతది?”

“నాలుగు వేలు అనుకుందాం సార్.”

గంటకు 25 కిలోమీటర్లంటే నిమిషానికి దాదాపు 417 మీటర్లు. దాన్ని 4,000తో భాగిస్తే రోలర్ ఒక్క చుట్టుకు పది సెంటీమీటర్ల పైచిలుకు నడవాలి. అంటే రోలర్ అడ్డుకొలత 34 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. వాడు తొడిగినది 70. “సగానికి తగ్గించుండ్రి, అప్పుడు లాగుతది” అన్నాడు సార్. మంచిర్యాలకు పోయి లేత్ మీద కొత్త రోలర్ చేయించుకొచ్చాం. బండి ఉరికింది. పుస్తకంలోని లెక్క రోడ్డు మీద పరిగెత్తడం నేను చూసింది అదే మొదటిసారి. నేను ఇంజనీరునయింది ఆ రోజే అనుకుంటాను.

కానీ ఇంకొక లెక్క ఉంది, అది మేం ఎవ్వరం వేయలేదు. వేగం రెండింతలయితే ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. తొక్కుడు వేగానికి సరిపోయే బ్రేక్ రబ్బర్లు ఇంజన్ బరువును, ఆ వేగాన్ని ఆపలేవు. 1984లో, పరీక్షలకు కొద్దిరోజుల ముందు, గూడెం గుట్ట దారిలో ఎడ్లబండి అడ్డం వచ్చింది. మా వాడు రెండు బ్రేకులూ పట్టాడు. బండి ఆగలేదు. కుడి చేయి విరిగింది. ఆ ఏడు పరీక్ష రాయలేకపోయాడు. తరువాత దుకాణమే చూసుకున్నాడు. నేను పాలిటెక్నిక్‌కు, అక్కడి నుంచి ఇంజనీరింగుకు పోయాను. స్పీడు లెక్క అడిగి తెచ్చిన నేను బ్రేకు లెక్క అడగలేదు. ఆ బాకీ నా మీద ఇప్పటికీ ఉంది.

మొన్న వాణ్ని కలిసినప్పుడు ఈ మాటే అన్నాను. “గట్లెందుకనుకుంటవ్? బండి నడిచింది గద” అని నవ్వాడు. ఇప్పుడు వాడి షెడ్డులో పని నేర్చుకుంటున్న పిల్లలకు వాడు మొదట నేర్పేది బ్రేకు బిగించడమే.

ఇప్పటి పిల్లలు బ్యాటరీ, హబ్ మోటారు తెప్పించి సైకిల్‌కు బిగిస్తున్నారు. మోటారు 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపుంటే అది మోటారు వాహనం కిందికి రాదని నిబంధన. అది దాటితే రిజిస్ట్రేషను, లైసెన్సు అన్నీ కావాలి. ఆ హద్దు ఎందుకు పెట్టారో మా వాడి చేయి చూస్తే అర్థమవుతుంది.

మిత్రులారా, ఈ సందర్భంగా రెండు కోరికలు. మన బడిలో పిల్లలు చేతులకు మసి అంటించుకుని పని నేర్చుకునేందుకు ఒక చిన్న షెడ్డు కట్టిద్దాం. పనిముట్లు నేను ఇస్తాను. రెండోది, వేదిక మీద సన్మానం పొందే పూర్వ విద్యార్థుల జాబితాలో డాక్టర్లు, ఇంజనీర్లు, ఆఫీసర్లు ఉన్నారు. మన బ్యాచ్‌లో మొదటి ఇంజను నడిపించినవాడి పేరు అందులో లేదు. నా పేరు తీసేసినా సరే, వాడి పేరు చేర్చండి.