కొండను తొలిచిన జబ్బు

1995 జూన్ 18, కేప్‌టౌన్‌లోని న్యూలాండ్స్ మైదానం. రగ్బీ ప్రపంచకప్ సెమీఫైనల్ మొదలై నాలుగు నిమిషాలైనా కాలేదు. ఎడమ అంచున బంతి అందుకున్న న్యూజిలాండ్ ఆటగాడు జోనా లోము, ఇంగ్లండ్ ఆటగాడు టోనీ అండర్‌వుడ్‌ను దాటేశాడు. వెనక నుంచి విల్ కార్లింగ్ చెయ్యి కాలికి తగిలి తూలాడు. తూలుతూనే, అడ్డంగా నిలబడ్డ మైక్ క్యాట్ మీదుగా తొక్కుకుంటూ వెళ్లి బంతితో గీత అవతల పడ్డాడు. రగ్బీలో దాన్నే ట్రై అంటారు. క్యాట్ పక్కనుంచి తప్పుకుని కాదు, మీదుగానే. ఆ రోజు ఇంగ్లండ్ మీద నాలుగు ట్రైలు. అప్పటికి అతనికి 20 ఏళ్లు, దాదాపు 120 కిలోల బరువు. అంత మనిషి అంత జోరుగా ఉరకగలడని అంతకుముందు ఎవరూ ఊహించలేదు.

ఆరు రోజులకు ఫైనల్లో దక్షిణాఫ్రికా అతణ్ని కదలనివ్వలేదు. న్యూజిలాండ్ 15-12తో ఓడింది. అన్నట్టు, దక్షిణాఫ్రికా మీద ఏ టెస్టులోనూ అతను ఒక్క ట్రై కూడా చేయలేకపోయాడు.

అప్పటిదాకా రగ్బీ యూనియన్ అనే ఈ తరహా ఆట ఆడినందుకు జీతం తీసుకోకూడదు. ఆ ఆగస్టులో నియమం ఎత్తేశారు. టీవీ డబ్బు వచ్చిపడింది, ఊరూరా తెలిసిన ముఖం మాత్రం లోముదే. ఏడాది తిరక్కుండానే డాక్టర్లు నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని తేల్చారు. రక్తంలో నిలవాల్సిన ప్రొటీన్ మూత్రంలో పోతుంది, ఒళ్లు వాస్తుంది, సత్తువ ఉండదు. ఆట అతని ఒంటికి ధర కట్టిన ఏడాదే ఆ ఒళ్లు ఎదురుతిరిగింది. నాకు మింగుడుపడనిది ఇదే. ఆ తర్వాత లోకం చప్పట్లు కొట్టింది సగం ఓపికతో ఆడుతున్న లోముకి.

ఆ సగంతోనే 1998లో కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో సెవెన్స్ స్వర్ణం గెలిచాడు. అంత మైదానానికీ జట్టుకు ఏడుగురే, ఊపిరి తీసుకునే వీలుండదు. కిడ్నీ జబ్బున్నవాడు దిగే ఆట కాదది. 1999 ప్రపంచకప్‌లో ఎనిమిది ట్రైలు చేశాడు. రెండు కప్పుల్లో కలిపి 15, అది రికార్డు. 2002లో చివరి టెస్టు, మరుసటి ఏడు డయాలసిస్.

2004లో గ్రాంట్ కెరియామా అనే రేడియో వ్యాఖ్యాత కిడ్నీ ఇచ్చాడు. దానితో బతికితే చాలనుకోలేదు లోము, మళ్లీ బూట్లు కట్టాడు. కార్డిఫ్ క్లబ్బు తరఫున ఒకే ఒక్క ట్రై. 2007 ప్రపంచకప్ జట్టులోకి రావాలన్న ఆశ తీరలేదు. 2011లో ఆ కిడ్నీ కూడా చెడింది.

2015 ప్రపంచకప్‌కు ఇంగ్లండ్ వెళ్లాడు, డయాలసిస్ చేయించుకుంటూనే. అతని 15 ట్రైల రికార్డును బ్రయన్ హబానా అందుకున్నది ఆ పోటీల్లోనే. హబానాది దక్షిణాఫ్రికా! కొడుకులిద్దరి 21వ పుట్టినరోజు దాకా ఉంటే చాలని లోము ఆ ఏడాదే ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. నవంబర్ 18న ఆక్లండ్‌లోని ఇంట్లో పోయాడు. అతనికి 40 ఏళ్లు, పిల్లలకు ఆరు, అయిదు.