పల్లెలు పోయినా పలుకు మిగిలింది

1948లో సుమారు 7 లక్షల మంది పాలస్తీనీయులు నిరాశ్రయులయ్యారు. 400కు పైగా గ్రామాలు జనశూన్యమయ్యాయి. ఆ పల్లెల చరిత్రకు వృద్ధుల జ్ఞాపకమే ముఖ్యాధారమయింది.

2002లో ప్రారంభమైన 'నక్బా ఆర్కైవ్' లెబనాన్ శిబిరాలలోని శరణార్థులనే భాగస్వాములను చేసి, పెద్దల వాఙ్మూలాలను చిత్రీకరించింది. బైరూత్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయం వీటిని 'అల్ జనా' సంస్థ సేకరణతో కలిపి, 1,000 గంటలకు మించిన కథనాలకు సూచికలు కూర్చి, 2019లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది.

హదీసు విద్యలో రివాయత్‌తోపాటు రావీ ఎవరన్నదీ పరిశీలిస్తారు. స్థాయిలో సాటి కాకున్నా, జాగ్రత్తలో ఇక్కడా పోలిక ఉంది: ఎవరు చెప్పారు, ఏ ఊరివారు, కళ్లారా చూశారా, విన్నారా అన్నదే సాక్ష్యానికి విలువనిస్తుంది.

నాటి పదేళ్ల పిల్లలు నేడు 85 దాటారు. అడగడంలో ఆలస్యమైతే రావీతోపాటు రివాయత్ కూడా మట్టిలో కలుస్తుంది.